అదుపులేని పునఃప్రవేశం: ఎలవూరు ఎదుటి సముద్రం మీద పాత నౌకలు

కక్ష్యలో తిరిగే పాత ఉపగ్రహమో, రాకెట్టు పై అంచో, గ్రహాంతర నౌక ముక్కో ఎవరి ఆదేశమూ లేకుండా క్రమంగా కిందికి జారి వాతావరణంలో పడటాన్ని అదుపులేని పునఃప్రవేశం అంటారు. ఇలా పడే వస్తువులో ఇంధనం అయిపోయి ఉంటుంది, లేదా రేడియో సంబంధం తెగిపోయి ఉంటుంది. కొన్నిటికి అసలు ఇంజనే అమర్చి ఉండరు. అది ఏ రోజు, ఏ గంటకు, ఏ సముద్రం మీద పడుతుందన్నది గాలికే వదిలేసినట్లు. అదుపులో ఉన్న పునఃప్రవేశంలో ఇంజనును చివరిసారి మండించి, ముందే ఎంచుకున్న నిర్జన సముద్రంలో పడేస్తారు. రెండిటికీ ఉన్న తేడా చాలాసార్లు ట్యాంకులో మిగిలిన కొద్ది కిలోల ఇంధనమే.

ఈ విషయాన్ని చూడటానికి ఎలవూరు అనువైన చోటు. తమిళనాడులోని తిరువళ్లూరు జిల్లా గుమ్మిడిపూండి తాలూకాలో, చెన్నై నుంచి గూడూరు వెళ్లే రైలు మార్గం మీద, ఆంధ్ర సరిహద్దుకు ఇవతల ఉన్న ఊరు ఇది. తర్వాతి స్టేషన్ ఆరంబాకం, దాని తర్వాత తడ. ఊరికి తూర్పున ప్రళయకావేరి, అంటే పులికాట్ సరస్సు. ఆ సరస్సుకూ సముద్రానికీ నడుమ శ్రీహరికోట దీవి. ఊరి నుంచి సతీష్ ధావన్ అంతరిక్ష కేంద్రం గాలిదూరంలో సుమారు 30 కిలోమీటర్లు. రాకెట్టు ఎగిరితే ఇక్కడి వాళ్లకు టీవీ అక్కర్లేదు. ప్రయోగం రోజున ఏ వేళకు ఎగురుతుందో ముందే ప్రకటిస్తారు, ఆ వేళకు సముద్రంలోకి వెళ్లొద్దని జాలర్లకు చెబుతారు. పైకి వెళ్లేదానికి ఇంత ఏర్పాటు ఉంది. కిందికి వచ్చేదానికి అలాంటి ప్రకటన సాధ్యం కాదు. 2011 నుంచి కనీసం రెండు పాత నౌకల చివరి దారి ఈ తీరం ఎదుటి బంగాళాఖాతాన్ని తాకింది. మొదటిది 2011లో జర్మనీ ఉపగ్రహం రోశాట్. రెండోది 2025లో సోవియట్ నౌక కాస్మోస్ 482.

గాలి పట్టు

అంతరిక్షం మొదలయ్యే గీత అంటూ ఒకటి గీసి చెబుతారు గానీ, గాలికి ఆ గీతతో పని లేదు. 200, 300 కిలోమీటర్ల ఎత్తులో కూడా అతి పలుచగా గాలి ఉంటుంది. సెకనుకు దాదాపు 7.8 కిలోమీటర్ల వేగంతో పోయే వస్తువుకు ఆ పలుచని గాలి రాపిడే చాలు. వేగం కొద్దిగా తగ్గితే కక్ష్య కుంగుతుంది, కుంగిన చోట గాలి ఇంకా చిక్కగా ఉంటుంది, దాంతో మరింత కుంగుతుంది. ఏళ్ల తరబడి మెల్లగా సాగే ఈ పతనం చివరి వారాల్లో ఉరుకు అందుకుంటుంది.

ఇందులో సూర్యుడి వంతు ఎక్కువ. పదకొండేళ్లకొకసారి సూర్యుడి చురుకుదనం పెరిగినప్పుడు పై వాతావరణం వేడెక్కి ఉబ్బుతుంది, ఉపగ్రహాల దారిలో గాలి చిక్కబడుతుంది. నిశ్శబ్దంగా ఉన్న సూర్యుడి కింద పదేళ్లు తిరగగలిగే వస్తువు, చురుకైన సూర్యుడి కింద అంతకంటే చాలా ముందే రాలిపోవచ్చు.

సుమారు 120 కిలోమీటర్ల ఎత్తు దాటి దిగాక ఇక తిరుగు లేదు. ముందున్న గాలి నలిగి వేడెక్కుతుంది. 80 కిలోమీటర్ల దగ్గర మామూలు ఉపగ్రహం విరిగిపోతుంది. సౌరఫలకాలు, అల్యూమినియం పెట్టెలు కరిగి ఆవిరైపోతాయి. టైటానియం ఇంధన ట్యాంకులు, ఉక్కు భాగాలు, గాజు అద్దాల దిమ్మెలు, కార్బన్ నారతో చుట్టిన గోళాలు మిగలవచ్చు. పెద్ద వస్తువైతే బరువులో పదోవంతు నుంచి నలభై శాతం దాకా నేలకో నీటికో చేరుతుందని అంచనా. అవి ఒకేచోట పడవు, ప్రయాణించిన దిక్కులోనే వందల కిలోమీటర్ల పొడవున చెదిరి పడతాయి.

రోశాట్ సంగతి చూడండి. 1990 జూన్ 1న ఎగిరిన ఈ ఎక్స్‌రే దూరదర్శిని బరువు సుమారు 2.4 టన్నులు. దానికి చోదక ఇంజనే లేదు, కాబట్టి 1999లో పని ముగిశాక దాన్ని ఎక్కడికీ నడిపే వీలు లేదు. వేడిని తట్టుకునే అద్దాలు ఉన్నందున దాదాపు ముప్పై ముక్కలు, మొత్తం 1.7 టన్నుల దాకా కిందికి రావచ్చని జర్మనీ అంతరిక్ష సంస్థ ముందే హెచ్చరించింది. 2011 అక్టోబరు 23 ఆదివారం, మన సమయం ప్రకారం ఉదయం 7 గంటల 20 నిమిషాలకు అది బంగాళాఖాతం మీద వాతావరణంలోకి దిగిందని తర్వాత తేల్చారు. ఎక్కడా నష్టం జరిగినట్లు తెలియలేదు. దాని దారిలో ముందున్నది చైనా. కొద్ది నిమిషాలు ఆలస్యమై ఉంటే కథ సముద్రం మీద ముగిసేది కాదు.

కాస్మోస్ 482

మామూలు ఉపగ్రహం పైన కరిగిపోతుందన్న ధీమా ఈ నౌక విషయంలో పనికిరాలేదు. ఎందుకంటే దీన్ని కరగకుండా ఉండటానికే తయారుచేశారు.

1972లో సోవియట్ యూనియన్ శుక్రగ్రహానికి జంట నౌకలు పంపింది. మార్చి 27న బయలుదేరిన మొదటిది వెనీరా 8. అది జూలై 22న శుక్రుడి నేల మీద దిగి 50 నిమిషాల పాటు సమాచారం పంపింది. దాని తోబుట్టువు మార్చి 31న బైకనూర్ నుంచి ఎగిరింది. రాకెట్టు పై అంచె అనుకున్న సమయానికి ముందే ఆగిపోవడంతో నౌక భూమి పట్టు విడిపించుకోలేక, ఒక కొస 200 కిలోమీటర్లలోనూ మరో కొస 9,800 కిలోమీటర్లలోనూ ఉన్న కోల కక్ష్యలో చిక్కుకుంది. దారి తప్పిన గ్రహాంతర నౌకలకు కాస్మోస్ అనే సాధారణ పేరు తగిలించి ఊరుకోవడం అప్పటి సోవియట్ అలవాటు. అలా ఇది కాస్మోస్ 482 అయింది.

నౌక ముక్కలైంది. రెండు రోజులు తిరిగేసరికే, ఏప్రిల్ 3 తెల్లవారుజామున, న్యూజీలాండ్‌లోని ఆష్‌బర్టన్ పరిసర పొలాల్లో ఎర్రగా కాలిన టైటానియం గోళాలు పడ్డాయి. ఒక్కొక్కటి 13.6 కిలోలు. అవి తమవని సోవియట్ యూనియన్ ఒప్పుకోలేదు. నౌక ప్రధాన భాగం 1981 మేలో కిందికి వచ్చింది. దిగుడు గోళం మాత్రం పైనే మిగిలింది.

ఆ గోళం సుమారు ఒక మీటరు వ్యాసం, 495 కిలోల బరువు. శుక్రుడి వాతావరణంలోకి దూసుకెళ్లే వేడినీ, భూమి కంటే వంద రెట్ల గాలి ఒత్తిడినీ, గురుత్వానికి 300 రెట్ల కుదుపునూ తట్టుకునేలా టైటానియంతో చేశారు. కక్ష్యలో ప్రతి చుట్టులోనూ కింది కొస దగ్గర గాలిని రాసుకుంటూ పోవడం వల్ల పై కొస ఏటేటా దిగుతూ వచ్చింది. వేల కిలోమీటర్ల ఎత్తు అంతా అలా అరిగిపోవడానికి 53 ఏళ్లు పట్టింది. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ సాంకేతిక విశ్వవిద్యాలయానికి చెందిన మార్కో లాంగ్‌బ్రూక్ దీన్ని ఏళ్ల తరబడి గమనిస్తూ, అది చెక్కుచెదరకుండా దిగితే గంటకు సుమారు 240 కిలోమీటర్ల వేగంతో నేలను తాకుతుందని లెక్కగట్టారు. దానికి పారాచూట్ ఉన్నా, అర్ధ శతాబ్దం తర్వాత దాన్ని విప్పడానికి బ్యాటరీలో శక్తి ఎక్కడిది?

2025 మే 10 శనివారం అది పడింది. జర్మనీ రాడారుకు మన సమయం 11 గంటల 34 నిమిషాలప్పుడు కనిపించింది. తర్వాతి చుట్టులో, మధ్యాహ్నం 1 గంట 2 నిమిషాలకు కనిపించాల్సింది, కనిపించలేదు. యూరప్ అంతరిక్ష సంస్థ చెప్పగలిగింది ఇంతే: ఈ రెండు వేళల నడుమ పడిపోయింది. రష్యా సంస్థ రోస్‌కాస్మోస్ ఇంకొంచెం ముందుకెళ్లి, 11 గంటల 54 నిమిషాలకు మధ్య అండమాన్ దీవికి పడమర 560 కిలోమీటర్ల దూరంలో అది చిక్కని గాలిలోకి దిగిందనీ, జకార్తాకు పడమర హిందూ మహాసముద్రంలో పడిందనీ ప్రకటించింది.

ఆ ప్రకటనను పటం మీద పెట్టి చూస్తే విశేషం బయటపడుతుంది. మధ్య అండమాన్‌కు పడమర 560 కిలోమీటర్లంటే బంగాళాఖాతం నడిబొడ్డు. దాదాపు ఎలవూరు ఉన్న అక్షాంశమే. తీరం నుంచి ఆ బిందువు సుమారు 800 కిలోమీటర్లు, నౌక వేగానికి రెండు నిమిషాల లోపు దూరం. అప్పుడది వాయవ్యం నుంచి ఆగ్నేయానికి పోతోంది కాబట్టి, అంతకు ముందు నిమిషాల్లో భారతదేశం మీదుగా దాటి ఉండాలి. మిట్టమధ్యాహ్నపు వెలుగులో ఎవరికైనా అగ్నిగోళం కనిపించే అవకాశం తక్కువ. చూసే కళ్లూ తక్కువే: తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మర పడవలకు చేపల వేట నిషేధం. ఆ రోజు మర పడవలు రేవుల్లోనే ఉన్నాయి. కాస్మోస్ 482 ముక్క ఏదీ ఇంతవరకు దొరకలేదు.

ముందే ఎందుకు చెప్పలేరు

గ్రహణాన్ని వందేళ్ల ముందు నిమిషంతో సహా చెప్పే శాస్త్రం, నెత్తి మీద తిరిగే ఇనపముక్క రేపు ఎక్కడ పడుతుందో చెప్పలేదా అని జనం అడగడం న్యాయమే. గ్రహణంలో గాలి లేదు. ఇక్కడ ఉన్నదంతా గాలే. పై వాతావరణపు చిక్కదనం గంటగంటకూ మారుతుంది. వస్తువు ఏ పక్కకు తిరిగి గాలికి ఎదురొడ్డుతోందో తెలియదు, పల్టీలు కొడుతుంటే మరీ కష్టం. అందుకే మిగిలిన ఆయువులో ఇరవై శాతం దాకా పొరపాటుకు చోటు వదలడం అలవాటు. పది గంటలు మిగిలి ఉంటే అటు రెండు గంటలు, ఇటు రెండు గంటలు. భూమిని చుట్టడానికి గంటన్నర కూడా పట్టని వస్తువుకు ఆ తేడా అంటే ప్రపంచాన్ని రెండుసార్లకు పైగా చుట్టిరావడం. చెన్నై నుంచి హైదరాబాదుకు గాలిదూరం సుమారు 520 కిలోమీటర్లు, దాన్ని అది దాదాపు నిమిషం ఏడు సెకన్లలో దాటుతుంది.

ముందే కచ్చితంగా చెప్పగలిగేది ఒక్కటే, కక్ష్య వాలు. కాస్మోస్ 482 వాలు దాదాపు 52 డిగ్రీలు. అంటే ఉత్తరాన లండన్ దాకా, దక్షిణాన దక్షిణ అమెరికా కొసకు దగ్గరి దాకా ఎక్కడైనా పడవచ్చు. ఈ పట్టీలో అన్ని చోట్లా ముప్పు సమానం కాదు. వాలు హద్దుల దగ్గర కక్ష్య వంపు తిరుగుతుంది కాబట్టి వస్తువు ఆ అక్షాంశాల మీద ఎక్కువసేపు గడుపుతుంది. భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్న ఎలవూరు వంటి చోట్లను అడ్డంగా కోసుకుంటూ త్వరగా దాటిపోతుంది. పత్రికల్లో వచ్చే ఎర్రపట్టీ పటాలు ఈ తేడాను చూపకపోవడం వల్ల అనవసరపు కంగారు పుడుతుంది.

ఒక పునఃప్రవేశం వల్ల ఎవరికైనా గాయమయ్యే అవకాశం పదివేలలో ఒకటికి మించకూడదన్నది చాలా అంతరిక్ష సంస్థలు పాటించే హద్దు. శకలం తగిలిందని అందరికీ తెలిసిన ఘటన ఒక్కటుంది: 1997 జనవరిలో అమెరికాలోని టల్సాలో నడుస్తున్న మహిళ భుజానికి డెల్టా రాకెట్టు పీలిక తగిలింది, గాయం కాలేదు. తగలకపోయినా ఖర్చు తప్పదు. 2022 నవంబరులో చైనా రాకెట్టు మొండెం దాటుతుందని స్పెయిన్ తన గగనతలంలో కొంతభాగాన్ని మూసేయడంతో వందల విమానాలు ఆలస్యమయ్యాయి.

స్కైలాబ్ రాత్రి

తెలుగు దేశంలో ఈ విషయానికి ఉన్న పేరు ఒక్కటే, స్కైలాబ్. 1973 మే 14న ఎగిరిన ఈ అమెరికా అంతరిక్ష కేంద్రం కూలేనాటికి బరువు 77 టన్నులు. చివరి వ్యోమగాములు 1974 ఫిబ్రవరిలో దిగిపోయారు. 1980ల దాకా పైనే ఉంటుందని, ఈలోగా స్పేస్ షటిల్ వెళ్లి పైకి నెడుతుందని నాసా అనుకుంది. సూర్యుడు లెక్కకు మించి చురుకయ్యాడు, షటిల్ ఆలస్యమైంది. 1979 జూలై 11న, మన సమయం రాత్రి 10 గంటలు దాటాక అది కూలింది. ఎవరికో ఒకరికి శకలం తగిలే అవకాశం 152లో ఒకటని నాసా చెప్పిన అంకె, ఇప్పటి హద్దుతో పోలిస్తే, నిజంగానే భయపెట్టేది.

కేంద్రాన్ని చివరి గంటల్లో పల్టీలు కొట్టించి పడేచోటును కొంత జరపడానికి నాసా ప్రయత్నించింది. ఊహించినదానికంటే ఆలస్యంగా విరగడంతో కొన్ని ముక్కలు హిందూ మహాసముద్రం దాటి పశ్చిమ ఆస్ట్రేలియాలోని ఎస్పెరన్స్ ప్రాంతం దాకా వెళ్లాయి. అక్కడి పురపాలక సంఘం చెత్త పారేసినందుకు నాసాకు 400 డాలర్ల జరిమానా రాసింది.

ఆ వారాల్లో తెలుగు పల్లెల్లో ఏం జరిగిందో పెద్దలు ఇప్పటికీ చెబుతారు. ఎలాగూ పోతామని కోళ్లనూ మేకలనూ కోసుకు తిన్నవాళ్లు, గుళ్లలో చేరినవాళ్లు, అప్పు తీర్చడం మానుకున్నవాళ్లు. 2021లో వచ్చిన ‘స్కైలాబ్’ సినిమా కరీంనగర్ ప్రాంతపు పల్లెలో ఈ భయాన్నే హాస్యంగా చూపింది. దీన్ని పల్లెటూరి అమాయకత్వంగా తీసిపారేయడం నాకు సబబనిపించదు. రేడియో చెప్పింది ఒకటే: పడుతుంది, ఎక్కడో తెలియదు. ఆ సమాచారంతో హూస్టన్‌లోని నాసా ఇంజనీరుకూ, వేములవాడ దగ్గరి రైతుకూ తెలిసినది నిజానికి ఇంచుమించు సమానమే. స్కైలాబ్ కూలిన నెల తర్వాత, 1979 ఆగస్టు 10న, శ్రీహరికోట నుంచి తొలి ఎస్ఎల్‌వీ-3 రాకెట్టు ఎగిరి అయిదు నిమిషాలకే సముద్రంలో పడింది.

శ్రీహరికోట నుంచి వెళ్లినవి

1980 జూలై 18న ఇక్కడి నుంచి కక్ష్యకు చేరిన తొలి ఉపగ్రహం రోహిణి, 35 కిలోలది, మరుసటి ఏడాది మే నెలలో ఇలాగే రాలి కాలిపోయింది. అప్పట్లో దాన్ని ఎవరూ సమస్యగా చూడలేదు. చిన్న వస్తువు, తక్కువ ఎత్తు, ప్రకృతే ఊడ్చేస్తుందన్న ధోరణి. ఆ ధోరణి మారడానికి నాలుగు దశాబ్దాలు పట్టింది.

రిశాట్-2 ఈ మార్పుకు ముందు తరం నమూనా. 2009 ఏప్రిల్ 20న పీఎస్ఎల్‌వీ-సీ12 మీద వెళ్లిన 300 కిలోల రాడార్ ఉపగ్రహం. 30 కిలోల ఇంధనంతో నాలుగేళ్లు పనిచేస్తుందనుకుంటే పదమూడేళ్లు పనిచేసింది. 2022 అక్టోబరు 30 తెల్లవారుజామున, మన సమయం 5 గంటల 36 నిమిషాలకు, జకార్తా సమీపంలో హిందూ మహాసముద్రం మీద అదుపు లేకుండా దిగింది. ఇంధనం అప్పటికే నిండుకుంది కాబట్టి పేలుడు భయం, విష రసాయనాల భయం లేవు. 2023 నవంబరు 15న చంద్రయాన్-3ను మోసిన ఎల్‌వీఎం3 రాకెట్టు పై అంచె కూడా ఇలాగే, ప్రయోగమైన 124 రోజులకు, ఉత్తర పసిఫిక్ మీద దిగింది.

దీనికి పూర్తిగా ఎదురు నమూనా మేఘా-ట్రోపిక్స్. ఫ్రాన్స్‌తో కలిసి 2011 అక్టోబరు 12న పంపిన ఈ వాతావరణ ఉపగ్రహం 867 కిలోమీటర్ల ఎత్తున ఉంది. వదిలేస్తే వందేళ్లకు పైగా పైనే తిరిగేది. అందులో దాదాపు 125 కిలోల ఇంధనం మిగిలి ఉందని గమనించి, 2022 ఆగస్టు నుంచి ఇరవై దఫాలుగా ఇస్రో దాన్ని దించింది. 2023 మార్చి 7 సాయంత్రం 4 గంటల 32 నిమిషాలకు ఒకసారి, 6 గంటల 21 నిమిషాలకు మరోసారి, నాలుగు చిన్న ఇంజన్లను ఇరవయ్యేసి నిమిషాలు మండించి పసిఫిక్ నడిమధ్యలో పడేసింది. ఇలా పడటానికి తయారుకాని ఉపగ్రహాన్ని ఇంత పద్ధతిగా దించడం ఇస్రో చేసిన మంచి పనుల్లో తక్కువగా ప్రచారమైనది.

ఈ రెండిటికీ మధ్యేమార్గం కార్టోశాట్-2. వదిలేస్తే పడటానికి ముప్పయ్యేళ్లు పట్టేది. మిగిలిన ఇంధనంతో 2020 నాటికి కక్ష్య కింది కొసను 380 కిలోమీటర్లకు దించి, ఆ తర్వాత గాలికే వదిలేశారు. 2024 ఫిబ్రవరి 14న హిందూ మహాసముద్రం మీద రాలింది. అదుపులేని పతనమే, కానీ పాతికేళ్ల జాప్యం తప్పింది.

పడే వస్తువులను చూసే కన్ను కూడా శ్రీహరికోటలోనే ఉంది. అక్కడి బహువస్తు జాడ రాడారు ఒకేసారి పది వస్తువులను వెంబడించగలదు, వెయ్యి కిలోమీటర్ల దూరాన అరమీటరు చదరపు ముక్కనైనా పట్టగలదు. పాత ఉపగ్రహాల చివరి చుట్లను అంచనా వేయడంలో ఇస్రోకు ఇది ఒక ఆధారం. ప్రళయకావేరి అవతల ఉన్న ఆ దీవి పైకి పంపే రేవే కాదు, కిందికి వచ్చేవాటికి కావలి కూడా.

2030 నాటికి భారత ప్రయోగాలేవీ శకలాలు మిగల్చకూడదని 2024 ఏప్రిల్‌లో బెంగళూరులో ఇస్రో ప్రకటించింది. ఈ లక్ష్యం ప్రభుత్వ, ప్రైవేటు సంస్థలు రెండిటికీ వర్తిస్తుంది.

దొరికితే ఎవరిది?

2022 ఏప్రిల్ 2, ఉగాది రాత్రి, తెలంగాణకు ఆనుకుని ఉన్న మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లా సిందేవాహి తాలూకాలో ఆకాశం నుంచి దాదాపు మూడు మీటర్ల వ్యాసమున్న లోహపు కడియం ఊడిపడింది. చుట్టుపక్కల గోళాలు కూడా దొరికాయి. చైనా లాంగ్‌మార్చ్ 3బి రాకెట్టు మూడో అంచె అదే రాత్రి ఆ దారిలో దిగడంతో అవి దాని భాగాలేనన్న అంచనాకు నిపుణులు వచ్చారు. ముక్కలను పోలీసులు స్వాధీనం చేసుకున్నారు, ఇస్రో శాస్త్రవేత్తలు వచ్చి పరీక్షించారు.

1967 నాటి అంతరిక్ష ఒప్పందం ప్రకారం శకలం ఎక్కడ పడినా దాన్ని నమోదు చేసుకున్న దేశానిదే యాజమాన్యం. 1972 నాటి బాధ్యతా ఒప్పందం ప్రకారం నేల మీద జరిగిన నష్టానికి, తప్పు ఎవరిదన్న వాదనతో పని లేకుండా, ప్రయోగించిన దేశమే పరిహారం కట్టాలి. ఆ ఒప్పందం కింద నడిచిన పెద్ద వ్యవహారం ఒక్కటే: అణు రియాక్టరు ఉన్న సోవియట్ ఉపగ్రహం కాస్మోస్ 954 1978 జనవరిలో కెనడా ఉత్తర ప్రాంతంలో చెదిరిపడితే, 60 లక్షల కెనడా డాలర్లు అడిగిన కెనడాకు 30 లక్షలు ముట్టాయి.

పొలంలోనో వలలోనో అనుమానాస్పదమైన గోళం, కాలిన తొట్టి, కార్బన్ నారల చుట్ట కనిపిస్తే చేతితో తాకకూడదు. రాకెట్లలోనూ ఉపగ్రహాల్లోనూ వాడే హైడ్రజీన్ ఇంధనం చర్మానికీ ఊపిరికీ విషం. ఖాళీ అయిందనుకున్న ట్యాంకులోనూ అది కొంత మిగిలి ఉండవచ్చు. ఇనప సామాన్ల కొట్టుకు వేయడం, గ్యాసు కట్టరుతో కోయడం అసలు చేయకూడని పనులు. దూరం నుంచి ఫొటో తీసుకుని, పశువులనూ పిల్లలనూ దగ్గరికి రానివ్వకుండా, పోలీసు స్టేషనుకో గ్రామ రెవెన్యూ అధికారికో చెబితే చాలు. అక్కడి నుంచి జిల్లా యంత్రాంగం ద్వారా సమాచారం ఇస్రోకు చేరుతుంది.